పేకముక్కల్లో అడవి

పేకాట రానివారికి కూడా 'తురుపు' అనే మాట తెలుసు. ఎన్నికల వేళ ఏదో ఒక పార్టీ తురుపు ముక్క బయటకు తీసిందని పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఐరోపా వర్తకుల నోటి మీదుగా మన దేశానికి చేరిన ఈ మాటను పట్టుకుని వెనక్కి నడిస్తే 1440ల నాటి ఉత్తర ఇటలీకి చేరతాం. మిలాన్, ఫెరారా ప్రభువుల కొలువుల్లో అప్పట్లో ఒక కొత్త పేక వాడుకలోకి వచ్చింది. మామూలు ముక్కలకు తోడు అందులో కొన్ని బొమ్మల ముక్కలు ఉండేవి. ఎదుటివాడు ఏ మామూలు ముక్క వేసినా అవి కొట్టేస్తాయి. వాటిని 'త్రియోన్ఫీ' అన్నారు, అంటే విజయాలు. తురుపు ఆ ఇంటి పిల్లే. ఆ పేకే ఇవాళ జోస్యానికి పేరుపడిన టారో.

మొత్తం 78 ముక్కలు. వాటిలో 22 బొమ్మల ముక్కలు. మిగిలిన 56 మన పేకకు దాయాదులే. గిన్నెలు, నాణేలు, కత్తులు, కర్రలు అని వాటికి నాలుగు గుర్తులు. ఈ గుర్తులు ఈజిప్టును ఏలిన మమ్లూకుల పేక నుంచి ఇటలీకి వచ్చాయి. అలాంటి పేక ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి మ్యూజియంలో నేటికీ ఉంది. మమ్లూకుల ముక్కల మీద ఉన్నది పోలో ఆట కర్ర. పోలో ఎరగని ఇటలీవాళ్ల చేతిలో అది ఉత్త కర్ర అయింది. మనం ఇస్పేటు అనే మాట మూలం వెతికినా ఇటాలియన్ 'స్పాదే' దగ్గర, అంటే కత్తుల దగ్గర తేలుతుంది.

ఈ చరిత్ర ముందుగా చెప్పడానికి కారణం ఉంది. టారో పుట్టింది ఆట కోసం. పోపుగారి బొమ్మ, తుది తీర్పు నాడు బాకా ఊదే దేవదూత బొమ్మ, సైతాను బొమ్మ ఉన్న ఆ పేకను నిక్కమైన క్రైస్తవ సమాజం తన వినోదం కోసం తయారు చేసుకుంది. అలాంటిది, క్రైస్తవానికి ముందటి దేవతలను కొలుస్తామనే పేగన్ల చేతికి ఎలా వచ్చింది? వాళ్ల కోసం కొత్తగా బొమ్మలు వేసిన పేకలు ఆ మతం కానివారిని కూడా ఎందుకు అంతగా ఆకట్టుకుంటున్నాయి? నేను కొన్నేళ్లుగా ఆ పేకల్లో ఒకదాన్ని దగ్గర పెట్టుకుని ఉన్నాను కనుక ఈ ప్రశ్న నాకు సొంతది.

ముందు 'పేగన్' అనే మాట సంగతి. లాటిన్‌లో 'పాగానుస్' అంటే మొదట పల్లెటూరివాడు. రోమన్ సామ్రాజ్యం క్రైస్తవమయ్యాక, పాత దేవతలను వదలనివారందరికీ ఆ మాట అంటగట్టారు. తెలుగు బైబిల్లో కనిపించే 'అన్యజనులు' అన్న మాటకు దీని ఛాయ కొంత ఉంది. ఆ మాటను తరతరాలుగా తిట్టుగానే వాడారు. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఐరోపావాసులు దాన్ని తిరిగి తీసుకుని, తలెత్తి తమకు తామే పెట్టుకున్నారు. వాళ్లలో మంత్రగత్తెల విద్యను మతంగా ఆచరించే విక్కా మార్గీయులున్నారు, ఐరోపాలోని ప్రాచీన కెల్టు జాతుల పూజారుల పేరు పెట్టుకున్న డ్రూయిడ్లున్నారు, ఏ గుంపులోనూ చేరని ఒంటరివాళ్లున్నారు. ఒక గ్రంథం, ఒక ప్రవక్త, ఒక పీఠం అంటూ లేవు. ప్రకృతి పవిత్రమైనది, దైవానికి స్త్రీ రూపమూ ఉంది, రుతువులు పండుగలు అన్న మూడు మాటల దగ్గర దాదాపు అందరూ కలుస్తారు. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 74,000 మంది తమ మతం పేగన్ అని రాశారు. 2011లో ఆ సంఖ్య 57,000. గ్రామదేవతకు వేపమండలు కట్టి, బోనం ఎత్తే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇందులో వింత అనిపించేది తక్కువ. అక్కడ మాత్రం అది తెగిపోయిన దారాన్ని వెతుక్కుని ముడి వేసుకోవడం.

టారోకు మంత్రం రంగు పులిమింది 1781లో. ఆంట్వాన్ కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు, ఈ బొమ్మలు ప్రాచీన ఈజిప్టు పురోహితులు దాచిన జ్ఞానమని ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగినవాడు ప్రపంచంలో ఒక్కడు కూడా లేడు. షాంపోలియన్ దాన్ని విప్పింది 1822లో. జెబెలాన్ మాటకు ఆధారం దొరకలేదు కానీ ఊహ మాత్రం వేళ్లూనుకుంది. కొద్ది ఏళ్లలోనే పారిస్‌లో ఎత్తెయ్యా అనే పేరుతో ఒకాయన జోస్యం కోసమే ప్రత్యేకంగా పేక తయారు చేయించాడు. 1850ల్లో ఎలిఫాస్ లెవీ 22 బొమ్మలను 22 హీబ్రూ అక్షరాలతో జోడించాడు. 1888లో లండన్‌లో 'గోల్డెన్ డాన్' అనే రహస్య సమాజం ఏర్పడి ఈ పోగులన్నీ కలిపి ఒక పెద్ద గుడ్డ నేసింది.

ఆ సమాజంలో కలిసిన ఇద్దరు, ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, పామెలా కోల్మన్ స్మిత్, 1909లో నేటి టారోకు రూపం ఇచ్చారు. ప్రచురించిన రైడర్ సంస్థ పేరుతో అది రైడర్ పేకగా స్థిరపడింది. అంతకు ముందు 'ఐదు గిన్నెలు' అంటే ముక్క మీద ఐదు గిన్నెలే ఉండేవి. పామెలా అక్కడ నల్లని వస్త్రం కప్పుకుని తల వంచుకున్న ఒక మనిషిని నిలబెట్టింది. ముందు మూడు గిన్నెలు ఒలికిపోయి ఉంటాయి, వెనక రెండు నిటారుగా ఉంటాయి, అతను వాటిని చూడడు. అర్థం కంఠస్థం చేయవలసిన అవసరం అంతటితో తీరిపోయింది. బొమ్మే మాట్లాడుతుంది. ఇంత పని చేసిన ఆమె, చాలా తక్కువ డబ్బుకు ఒక పెద్ద పని ముగించానని ఒక మిత్రుడికి ఉత్తరం రాసుకుంది. కోట్ల మంది చేతుల్లో తిరిగిన బొమ్మలవి. వాటి అమ్మకాల్లో ఆమెకు వాటా రాలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

వెయిట్ క్రైస్తవ మార్మికుడు. పామెలా 1911లో కాథలిక్కు అయింది. అందుకే వాళ్ల పేకలో చర్చి వాసన గట్టిగా ఉంటుంది. గిన్నెల ఆసు మీద పావురం నోట కరుచుకుని వస్తున్నది ప్రార్థనలో పంచే అప్పం. మృత్యువు ముక్కలో గుర్రం ముందు చేతులు జోడించి నిలబడినది బిషప్పు. ఐదో ముక్కలో సింహాసనం మీద మతగురువు, కాళ్ల దగ్గర ఇద్దరు శిష్యులు.

పామెలా 1951లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అప్పులతో కన్నుమూసింది. అదే ఏడాది బ్రిటన్ మంత్రగత్తెల మీద ఉన్న పాత చట్టాన్ని రద్దు చేసింది. మూడేళ్లకు విక్కా ఆద్యుడు జెరాల్డ్ గార్డ్‌నర్ తన మార్గం గురించి బహిరంగంగా పుస్తకం రాశాడు, విక్కా వెలుగులోకి వచ్చింది. ఆ దారి పట్టినవాళ్లకు టారో కావాలి, కానీ చేతికందిన పేక తాము వదిలి వచ్చిన చర్చి బొమ్మలతో నిండి ఉంది. పేగన్ పేకల ఆకర్షణకు మొదటి మూలం ఈ ఇబ్బందే.

పదిహేనో ముక్క దగ్గర ఇది బాగా తెలుస్తుంది. రైడర్ పేకలో అది సైతాను. గబ్బిలం రెక్కలు, మేక కొమ్ములు, నుదుటి మీద తలకిందులైన నక్షత్రం. అతను కూర్చున్న దిమ్మెకు గొలుసులతో ఒక స్త్రీ, ఒక పురుషుడు. ఇద్దరూ నగ్నంగా ఉంటారు, ఇద్దరికీ తోకలు. జాగ్రత్తగా చూస్తే మెడలోని గొలుసు వదులుగానే ఉంటుంది, తలపై నుంచి తీసేయవచ్చు. గొప్ప బొమ్మ. కానీ ఒక పేగన్ స్త్రీ కంటితో చూడండి. సైతాను ఉన్నాడని ఆమె నమ్మదు. కొమ్ములున్న దేవుడు ఆమెకు అడవి దేవుడు. నగ్నత్వం ఆమెకు పాపం కాదు. ఆమె నమ్మకంలోని దేవుణ్ణి, దేహాన్ని తెచ్చి బంధనానికి గుర్తుగా పెట్టినట్టు ఉంటుంది.

2004లో వచ్చిన డ్రూయిడ్‌క్రాఫ్ట్ టారో ఈ ముక్క పేరును 'కెర్నున్నోస్' అని మార్చింది. దాన్ని రాసినవారు ఫిలిప్, స్టెఫనీ కార్-గాం దంపతులు, బొమ్మలు విల్ వర్తింగ్టన్‌వి. కెర్నున్నోస్ కల్పించిన పేరు కాదు. 1710లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చి కింద రోమన్ల కాలపు స్తంభం దొరికింది. దాని మీద జింక కొమ్ముల దేవుడు, పైన ఆ పేరు ఉన్నాయి. 1891లో డెన్మార్క్‌లోని ఒక బురదనేలలో బయటపడిన వెండి పాత్ర మీద కూడా జింక కొమ్ములవాడు ఒకడు పద్మాసనం లాంటి భంగిమలో కూర్చుని ఉంటాడు, చుట్టూ జంతువులు. మొహెంజొదారో పశుపతి ముద్ర చూసి ఎదిగిన మనకు ఆ పాత్ర ఫొటో చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. రెంటికీ చుట్టరికం ఉందనడానికి రుజువు లేదు, పోలిక మాత్రం కళ్లకు కడుతుంది.

2011లో వచ్చిన వైల్డ్‌వుడ్ టారో ఇంకా లోతుకు వెళ్లింది. దాని ముందు కథ ఒకటి ఉంది. బ్రిటిష్ టీవీ రాబిన్ హుడ్ కథలో నటించిన మార్క్ ర్యాన్, చిత్రకారిణి చెస్కా పాటర్ కలిసి 1996లో గ్రీన్‌వుడ్ టారో అనే పేక తెచ్చారు. రాతియుగపు గుహల గోడల మీద నుంచి లేచి వచ్చినట్టుండే బొమ్మలు. అచ్చు ఆగిపోయాక ఆ పేక కోసం జనం వందల డాలర్లు పెట్టారు. ఆ ఆకలి చూసే ర్యాన్, జాన్ మాథ్యూస్‌తో కలిసి వైల్డ్‌వుడ్‌కు రూపకల్పన చేశాడు. బొమ్మలు మళ్లీ వర్తింగ్టన్‌వే.

నా దగ్గర ఉన్నది ఇదే. ఇందులో పదిహేనో ముక్క పేరు 'కాపలాదారు'. చీకటి గుహ ముఖద్వారం, అక్కడ రెండు కాళ్ల మీద లేచి నిలబడిన ఎలుగుబంటి అస్థిపంజరం. మాంసం లేదు, ఎముకలే. మొదటిసారి తీసినప్పుడు చేతిలో నుంచి ముక్క జారింది. భయం ఉంది కానీ అందులో నేరం లేదు. నువ్వు పాపివి అని ఈ బొమ్మ అనదు. ఈ గుహలోకి వెళ్లాలంటే ముందు నన్ను దాటు అంటుంది. ఒక ముక్క మీద బొమ్మ మారితే అడిగే ప్రశ్నే మారిపోతుందని ఆ రోజు నాకు అర్థమైంది. ఇరవయ్యో ముక్కలో తుది తీర్పు, బాకా, శవపేటికల నుంచి లేచే మృతులు ఉండవలసిన చోట 'గొప్ప ఎలుగుబంటి' ఉంటుంది. ఆంగ్లేయులు ఆ పేరుతో పిలిచే నక్షత్రాల్లోనే మన సప్తర్షులున్నారు. పిడుగు పడి కూలే కోట ఉండవలసిన చోట పిడుగు పడిన సిందూర వృక్షం. రాజు, రాణి ముక్కల్లో మనుషులే లేరు. కొంగ ఉంది, కుందేలు ఉంది, సాల్మన్ చేప ఉంది, లకుముకి పిట్ట ఉంది.

బొమ్మలు మార్చడం వరకే అయితే అలంకరణ అయ్యేది. ఈ పేకను నడిపించేది దాని కింద ఉన్న పంచాంగం. నవీన పేగన్లు ఏడాదిని ఎనిమిది ఆకుల చక్రంగా చూస్తారు. డిసెంబరు 21 ప్రాంతపు దీర్ఘరాత్రి, జూన్ 21 ప్రాంతపు దీర్ఘదినం, మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలు రాత్రి సమానమయ్యే రెండు రోజులు, వాటి నడుమ ఫిబ్రవరి, మే, ఆగస్టు నెలల తొలినాళ్లు, అక్టోబరు 31. వైల్డ్‌వుడ్ తన బొమ్మల ముక్కలను ఈ చక్రం చుట్టూ నిలబెట్టింది. మామూలు కత్తులు, కర్రలు, గిన్నెలు, నాణేల స్థానంలో బాణాలు, విల్లులు, పాత్రలు, రాళ్లు వచ్చాయి. బాణాలు వసంతానివి, విల్లులు వేసవివి, పాత్రలు శరత్తువి, రాళ్లు చలికాలానివి.

దీంతో పేక పరిచే పద్ధతి స్వభావమే మారుతుంది. రైడర్ పేక చేతపట్టినవారు సాధారణంగా 'ఏం జరుగుతుంది' అని అడుగుతారు. ఈ పేక 'ఇప్పుడు ఏ కాలం నడుస్తోంది' అని అడిగిస్తుంది. ఉద్యోగం పోయిన మనిషికి రాళ్ల ముక్కలు వరుసగా వస్తే, నీ పని అయిపోయిందని ఈ పేక చెప్పదు. నేల గడ్డకట్టి ఉంది, విత్తనం వేసే కాలం కాదు, ఉన్న ధాన్యం లెక్క చూసుకో అంటుంది. రైతుకు ఇది కొత్త మాట కాదు. విద్యుద్దీపాల కింద పన్నెండు నెలలూ ఒకే వేగంతో పని చేయవలసి వచ్చిన నగరవాసికి మాత్రం, కాసేపు ఆగిపోవడం కూడా ప్రకృతిలో భాగమే అని ఎవరో అనుమతి ఇచ్చినట్టు ఉంటుంది. ఈ పేకల మీద మోజుకు నేను అన్నిటికన్నా ముందు చెప్పే కారణం ఇదే. వాటిని కొనేవారిలో చాలామంది వెతుక్కునేది భవిష్యత్తును కాదు, చేజారిన రుతువులను.

జోస్యం సంగతి దాటవేయడం న్యాయం కాదు. చిన్నప్పుడు బస్టాండు బయట చిలక జోస్యం చెప్పించుకున్నాను. పంజరం తలుపు తీయగానే చిలక నడుచుకుంటూ వచ్చి, వరుసగా పేర్చిన కవర్లలో మూడింటిని ముక్కుతో పక్కకు నెట్టి, నాలుగోదాన్ని బయటకు లాగింది. దానికి రెండు గింజలు దక్కాయి. నాకు శ్రీరాముడి పట్టాభిషేకం బొమ్మ దక్కింది. కష్టాలు తీరే కాలం వచ్చిందన్నాడు జోస్యుడు. నాకు అప్పుడున్న కష్టం లెక్కల పరీక్ష ఒక్కటే, అయినా ఆ మాట నా గురించే అనిపించింది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన 39 మంది విద్యార్థులకు వారి వారి స్వభావ విశ్లేషణ అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. అది ఎంత సరిపోయిందో చెప్పమంటే వాళ్లు 5కు సగటున 4.3 దాకా వేశారు. అందరికీ ఇచ్చినది ఒకే కాగితం. అందులోని వాక్యాలు చాలావరకు ఒక జాతకాల పుస్తకం నుంచి తీసినవి. అందరికీ సరిపోయే మాటను మన కోసమే చెప్పిన మాటగా తీసుకునే గుణం మనసుకు ఉంది. టారో ముక్కకు రేపటి సంగతి తెలుసునని నేను నమ్మను. భయపడి ఉన్న మనిషికి పేక పరిచి, దోషం ఉందని చెప్పి డబ్బు గుంజడం దుర్మార్గం.

అయినా బొమ్మ చేసే పని ఒకటి ఉంది. సూటిగా అడిగితే నోరు విప్పని మనసు, ఎముకల ఎలుగుబంటిని చూపించి 'నీ గుహ ముందు నిలబడినది ఏమిటి' అని అడిగితే కదులుతుంది. పేక పరిచాక నోట్‌బుక్ తీసుకుని రాసుకునేవారు అందుకే ఎక్కువ.

ఇక ప్రాచీనత. పేగన్ పేకల అట్టల మీద 'అనాది జ్ఞానం' అన్న ధోరణి మాటలు తరచూ కనిపిస్తాయి. ఇక్కడ కొంచెం కఠినంగా ఉండాలి. ఆ ఎనిమిది పండుగలు విడివిడిగా పాతవే కావచ్చు. ఎనిమిదింటినీ ఒకే చక్రంగా బిగించింది 1950ల్లో గార్డ్‌నర్, డ్రూయిడ్ నాయకుడు రాస్ నికల్స్, వారి చుట్టూ ఉన్నవారు. పేగన్ పేకల్లో తప్పక కనిపించే 'ఆకుపచ్చ మనిషి', అంటే నోటి నుంచి తీగలు మొలిచే ముఖం, ఇంగ్లండ్ చర్చిల రాతి చెక్కడాల్లో ఉన్నవాడే. అతనికి ఆ పేరు పెట్టి, పాత దేవుడని వాదించింది 1939లో లేడీ రాగ్లన్. టారో పరిచేవారందరికీ తెలిసిన 'కెల్టిక్ క్రాస్' వరుసను ప్రాచీన కెల్టిక్ పద్ధతిగా పుస్తకంలో ప్రకటించినవాడు వెయిట్. కెల్టు జాతులు అలా ముక్కలు పరిచినట్టు ఎక్కడా సాక్ష్యం లేదు. మంత్రగత్తెలుగా ముద్రపడి చనిపోయినవారు ఒక రహస్య పాత మతానికి చెందినవారని 1921లో మార్గరెట్ మర్రీ చేసిన వాదనను గార్డ్‌నర్ నమ్మాడు. తరువాతి చరిత్రకారులు దాన్ని తోసిపుచ్చారు.

ఇది తెలిశాక పేక మీద ప్రేమ తగ్గిందా అని నన్ను అడిగినవారున్నారు. తగ్గలేదు. తెగిపోయిన చోట మనుషులు కూర్చుని, దొరికిన ముక్కలు ఏరుకుని, లేనివి ఊహించి, ఒక పండుగల వరుసను చేతులతో అల్లుకున్నారు. అబద్ధపు వయసు తగిలించకపోతే ఆ పని గౌరవించదగినదే. పండుగ కొత్తదైనా సూర్యుడు పాతవాడే కదా. మన సంక్రాంతి సంగతే చూడండి. సూర్యుడు నిజంగా ఉత్తరం వైపు తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మన పంచాంగం నక్షత్రాల లెక్కన నడుస్తుంది కాబట్టి ఆ పండుగ మెల్లమెల్లగా జరిగి జనవరి మధ్యకు చేరింది. రెండూ ఒకే రోజున పడింది దాదాపు 1700 ఏళ్ల కిందట. పేగన్లు దీర్ఘరాత్రి నాడు వెలిగించే మంటకూ మన ముంగిట భోగిమంటకూ నడుమ ఇప్పుడు మూడు వారాల దూరం ఉంది.

ఒక చిక్కు మాత్రం తెలుగు నేల మీద ఈ పేక పరిచేవారికి తప్పదు. ఇందులోని రుతువులు బ్రిటన్‌వి. ఫిబ్రవరి మొదటి రోజు పండుగ గొర్రెలు ఈనే కాలానిది, మంచు కరిగే కాలానిది. ఆస్ట్రేలియాలోని పేగన్లకు ఈ చిక్కు ఇంకా పెద్దది. అక్కడ జూన్‌లో చలి, డిసెంబరులో ఎండ. వాళ్లలో చాలామంది చక్రాన్ని తలకిందులు చేసి, అక్టోబరు 31 పండుగను ఏప్రిల్ చివర జరుపుకుంటారు. మన చిక్కు తలకిందులు చేస్తే తీరేది కాదు. మనకు వానాకాలం ఒక రుతువు, ఆ పేకలో దానికి చోటే లేదు. మృగశిర కార్తె ఏ ముక్క మీదా లేదు.

మొన్న ఫిబ్రవరి చివర ఒక ఉదయం వరండాలో కూర్చుని ఒక్క ముక్క తీశాను. బాణాల ముక్క వచ్చింది. వసంతం, గాలి, మంచు కరిగిన నేల. తల ఎత్తి చూస్తే ఎదురుగా వేపచెట్టు ఆకులన్నీ రాల్చి, ఉగాది పూతకు ఇంకా కొన్ని వారాలుండగా, బోసిగా నిలబడి ఉంది. వాకిలంతా పసుపుపచ్చ ఆకులు. వర్తింగ్టన్ గీసిన లేత చిగుళ్లను ఒకసారి, రాలుతున్న వేపాకును ఒకసారి చూశాను. ముక్కను బోర్లించి, చీపురు తీసుకున్నాను.